ముందు మాకు చెప్పు

చిన్నా,

నీ ఫోన్ వచ్చి పదకొండు రోజులైంది. పరీక్షలేమో అనుకున్నాం. నిన్న వాసు మామయ్య ఫోన్ చేసి, "ఏంటక్కా, వాడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టాడటగా?" అన్నాడు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేర్లు పెట్టే జాబితాట అది. మీ నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయారు.

సరే, ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మమ్మ మోకాలు కాస్త నయం. పెరట్లో గోంగూర మంచుకు పోయింది. నీ బంతి తగిలి పగిలిన కుండీ మాత్రం అలాగే ఉంచాను.

2018 జనవరి 8 గుర్తుందా? సోమవారం, మర్నాడు నీకు స్కూలు. పడుకోమంటే వినలేదు. అట్లాంటాలో అలబామా, జార్జియా కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్. సగం ఆటకి అలబామా 13-0తో వెనకబడి ఉంది. ఎలాగో ఓవర్‌టైమ్ దాకా వచ్చింది. అక్కడా జార్జియాదే 3 పాయింట్ల ఆధిక్యం. అలబామా తరఫున బంతి విసిరే టువాని పట్టి పడేశారు, 16 యార్డులు వెనక్కి. రెండో డౌన్, అంటే నాలుగు ప్రయత్నాల్లో రెండోది, ఇంకా 26 యార్డులు పోవాలి. అయిపోయిందిలే అని నేను వంటింట్లో లైటు ఆర్పడానికి లేచాను. నువ్వు అరిచిన అరుపుకి అమ్మమ్మ లేచి వచ్చేసింది. డెవాంటా స్మిత్! టువా విసిరిన బంతి పట్టి ఎదుటివాళ్ల గీత దాటాడు. 41 యార్డుల టచ్‌డౌన్, అలబామా 26-23తో గెలిచింది.

అతనికి అది మొదటి ఏడాది. ఆ సీజన్ మొత్తం పట్టినవి 8 బంతులే. ఆ లెక్క నాకు చెప్పింది నువ్వే. తర్వాత మూడేళ్లూ అక్కడే ఉన్నాడు. 2020లో 117 క్యాచ్‌లు, 1,856 యార్డులు, 23 టచ్‌డౌన్లు, ఆపైన కాలేజీ ఫుట్‌బాల్లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ. 1991లో డెస్మండ్ హోవర్డ్ తర్వాత వైడ్ రిసీవర్‌కి, అంటే నీలా బంతి పట్టేవాడికి, అది రావడం అప్పుడే. నీకు ఈ ఏడాది 5 క్యాచ్‌లు వచ్చాయి నాన్నా. తక్కువేం కాదు.

ఎక్కువ చెప్పకూడదనే అనుకున్నాను. కానీ పోర్టల్‌లో పేరు పెడితే, ఇప్పుడిచ్చే స్కాలర్‌షిప్‌ని వాళ్లు టర్మ్ అయ్యాక ఆపేయొచ్చట. వేరే కాలేజీ పిలవకపోతే? నీ క్రెడిట్లన్నీ అక్కడ ఒప్పుకోకపోతే? బంతి నీ వైపు రాని ఆటలో కూడా ఎదుటివాణ్ని గట్టిగా అడ్డుకో, కోచ్‌లు వీడియోలో అదీ చూస్తారని నువ్వే అన్నావు. పొద్దున టిఫిన్ మానకు. తొమ్మిదింటికల్లా ఫోన్ పక్కన పెట్టు. వెళ్లాలనిపిస్తే వెళ్లు, మేం ఆపం. మాతో ఒక్క మాట అని వెళ్లు.

ఎడమ చెయ్యి ఉంగరం వేలు వాపు తగ్గిందా? స్మిత్ 2021 ఫైనల్లో మొదటి సగంలోనే 12 క్యాచ్‌లు, 3 టచ్‌డౌన్లు చేసి, ఆ తర్వాత వేలి కీలు తప్పి ఆటలోంచి బయటికొచ్చేశాడు. నాకు అప్పట్నుంచీ వేళ్లంటేనే టెన్షన్. ఐస్ పెట్టు. టేపు మరీ బిగించి చుట్టకు.

శనివారం వాసు మామయ్య అటు వస్తున్నాడు. కందిపొడి, నెయ్యి, నీ ఉన్ని స్వెటర్ ఇచ్చి పంపుతున్నాను. స్టీలు డబ్బా మర్చిపోకుండా తిరిగి పంపు. పోర్టల్ గురించి వాడు ఎంత గుచ్చి అడిగినా చెప్పకు. ముందు మాకు చెప్పు.

అమ్మ