పాత దూలాలను చెత్తలో కలపొద్దు

అయ్యా,

మా ఊళ్లో పెంకుటిళ్లు వరసగా కూలుస్తున్నారు. టేకు దూలాలు, ద్వారబంధాలు చాలావరకు మట్టితో కలిసి చెరువుగట్టు చేరుతున్నాయి. మా తాతగారింటి దూలం ఒకటి ఆపి, వడ్రంగి చేత బెంచీ చేయించాను. మేకులు పీకడానికే ఆయనకు ఒక పూట పట్టింది. చిత్రిక పట్టగానే లోపల తేనె రంగు బయటపడింది, టేకు వాసనతో సహా! ఉయ్యాల గొలుసు రాసుకున్న గాడిని మాత్రం అలాగే ఉంచమన్నాను.

చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నేక్‌చంద్ కూల్చిన ఇళ్ల సామగ్రి, విరిగిన గాజులు, పింగాణీ ముక్కలతో బొమ్మలు చేశారు. 1976లో తెరిచిన ఆయన రాక్ గార్డెన్‌కు జనం ఇప్పటికీ వెళ్తున్నారు. మన మున్సిపాలిటీలు కూడా పనికొచ్చే కలప, రాయి ఏరి ఒక షెడ్డులో పెట్టి, శిల్పులకు, వడ్రంగులకు తక్కువ ధరకు ఇవ్వాలి. ఇల్లు కూల్చేవాళ్లు జేసీబీ రాకముందే ఒకసారి మేస్త్రిని పిలిచి చూపించండి.

– ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా