మావాడు మళ్లీ బడికి వెళ్లాడు, అందరికీ దండాలు

సోమవారం పొద్దున మావాడు బ్యాగు తగిలించుకుని స్కూల్ ఆటో ఎక్కాడు. అంతకు ముందు వారం ఉమ్మి కూడా మింగలేకపోయాడు. ఫోన్లు చేస్తున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

వాడికున్నది హెరిడిటరీ యాంజియోఎడీమా, అంటే వంశపారంపర్యంగా వచ్చే వాపు జబ్బు. సుమారు 50,000 మందిలో ఒకరికి ఉంటుందట. రక్తంలో సీ1 ఇన్‌హిబిటర్ అనే ప్రోటీన్ చాలక, నాళాల్లోంచి నీరు బయటికి ఊరి చెయ్యో పెదవో బూరెలా ఉబ్బుతుంది. దురద ఉండదు, దద్దుర్లూ ఉండవు. ఎలర్జీ కాదు కాబట్టి సెట్రిజిన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనిచేయవు. ఈ ఒక్క ముక్క తెలియడానికి మాకు నాలుగేళ్లు పట్టింది. పేగులు వాచి కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే ఒకచోట అపెండిక్స్ అని ఆపరేషన్‌కి డేట్ కూడా ఇచ్చేశారు. ఇంకొకరు దిష్టి తీయమన్నారు, అదీ తీశాం.

చివరికి గుంటూరులో ఒక పిల్లల డాక్టరమ్మ, "మీ ఇంట్లో ఇలా ఇంకెవరికైనా వాచేదా?" అని అడిగారు. మా మామగారు నలభై దాటకుండానే రాత్రికి రాత్రి గొంతు వాచి పోయారు. మా ఆయనకీ చేతులు వాచేవి, వాతం నీరనుకునేవాళ్లం. ఆవిడ సీ4 అనే రక్తపరీక్ష రాశారు. అక్కడ ముడి వీడింది. అమ్మా, మీ రుణం తీరేది కాదు.

పేరు తెలిశాక భయంతో నేనే వాడి చేత ఆటలన్నీ మాన్పించాను. దెబ్బ తగిలినా, టెన్షన్ పడినా వాపు రావచ్చు మరి. పీటీ మాస్టారు ఇంటికొచ్చి, "కబడ్డీ వద్దులెండి, షటిల్ ఆడిస్తాను. ఊరికే కూర్చోబెడితే పిల్లాడు డీలా పడిపోతాడమ్మా" అన్నారు. క్లాస్ టీచర్ పిల్లలందరికీ విడమరిచి చెప్పారు. ఆ తర్వాత ఒకరోజు వాచిన మొహంతోనే వెళ్లొచ్చి, "ఎవరూ నవ్వలేదమ్మా" అన్నాడు. మందు వేసినంత పని చేసింది ఆ మాట.

ఇక మొన్నటి సంగతి. తప్పు నాదే. పన్ను తీయించే ముందు ప్లాస్మా (దాతల రక్తంలోని నీటి భాగం, వాడికి చాలని ప్రోటీన్ అందులో ఉంటుంది) ఎక్కించాలని తెలిసీ, చిన్న పన్నే కదా అనుకున్నాను. మర్నాడు రాత్రికి గొంతు బొంగురుపోయింది. పక్కింటి అన్నయ్య లుంగీ మీదే కారు తీశారు. తెనాలి నుంచి గుంటూరు దాకా వాడి చెయ్యి వదల్లేదు నేను. క్యాజువాలిటీలో కుర్ర డాక్టర్ వాడి జబ్బు సంగతి రాసి ఉన్న మా లామినేషన్ కాగితం చదివి, డాక్టరమ్మకి ఫోన్ చేసి, వెంటనే ప్లాస్మా తెప్పించారు. సీ1 ఇన్‌హిబిటర్ ఇంజెక్షన్ మాకు దొరకదు, ప్లాస్మాయే దిక్కు. గడ్డకట్టిన ప్యాకెట్టు గోరువెచ్చటి నీళ్లలో కరిగేదాకా ఆ అరగంట నాకు నరకం. ఊపిరి ఆడకపోతే గొట్టం వేయడానికి ఈఎన్‌టీ డాక్టర్ మంచం పక్కనే నిలబడ్డారు. తెల్లారేసరికి "అమ్మా" అన్నాడు.

వాడికి ఎక్కించిన ప్లాస్మాకి బదులుగా బ్లడ్ బ్యాంకుకి రక్తమివ్వడానికి మాస్టారి పాత విద్యార్థులు ముగ్గురు బైకుల మీద వచ్చారు. ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. పేర్లు అడిగే తెలివి నాకు లేకపోయింది. మాస్టారూ, ఆదివారం వాళ్లని పట్టుకుని మా ఇంటికి భోజనానికి రండి. గోంగూర పచ్చడి నూరుతున్నాను. మీతో షటిల్ ఆడాలని మావాడు బ్యాటు తుడిచి పెట్టుకున్నాడు.