కన్నీటికీ చేతిపనికీ మన సంఘాల్లో చోటుండాలి

సంపాదకులకు నమస్కారములు.

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లకు పైగా సండేస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని. ఆంధ్ర సరిహద్దుకు ఇవతల ఉన్న మా తెలుగు క్రైస్తవ సంఘాల్లో బలపడిపోయిన ఒక అలవాటు గురించి మీ పాఠకులతో, ముఖ్యంగా కాపరులతోనూ (పాస్టర్లతోనూ) సంఘ పెద్దలతోనూ మాట్లాడాలని ఈ లేఖ రాస్తున్నాను. మనసు కుంగిపోయిన మనిషి గుడికి వచ్చి తన బాధ చెప్పుకుంటే, "విశ్వాసం తగ్గింది, ఇంకా ప్రార్థన చెయ్యమ్మా" అన్న మాట తప్ప మరో మాట వినబడటం లేదు. బొమ్మలు గీసే పిల్లవాడికీ, సొంతంగా పాట కట్టుకునే అమ్మాయికీ "ఇవన్నీ లోకసంబంధమైన పనులు" అన్న హెచ్చరిక తప్ప ప్రోత్సాహం దొరకడం లేదు. ఈ రెండు మాటలూ ఒక్కచోటే పుట్టాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. దుఃఖం బయటికి రావడానికి దేవుడే ఇచ్చిన దారులను మనం భక్తి పేరుతో మూసేస్తున్నాం.

నేను కూడా మూసినదాన్నే కాబట్టి ఆ సంగతి ముందు చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లానూ పక్కనున్న శ్రీకాకుళం జిల్లానూ కుదిపేసింది. ఆ తర్వాతి వారాల్లో నా తరగతికి వచ్చే తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు మాట్లాడటం దాదాపు మానేశాడు. వాళ్ల నాన్న కొమ్ము పని చేస్తాడు. పశువుల కొమ్మును సెగ మీద మెత్తబరచి, వంచి, ఆకురాయితో రాసి, కొంగలూ నెమళ్లూ తీర్చడం మా ఊళ్లో పాత విద్య. ఒక ఆదివారం నేను వాక్యం చెబుతుండగా ఆ అబ్బాయి బల్ల కింద కాగితం పెట్టుకుని పెన్సిలుతో ఏదో గీస్తున్నాడు. "దేవుని మాట వినేటప్పుడు బొమ్మలేమిటి?" అని కాగితం లాక్కున్నాను. వాడు ఏడవలేదు, తల వంచుకుని కూర్చున్నాడు.

ఇంటికి వెళ్లాక ఆ కాగితం విప్పి చూశాను. వాళ్ల ఇల్లు గీశాడు. పైకప్పు పెంకులన్నీ గాలిలో ఉన్నాయి. పెంకుల గుంపు అని తెలియడానికి నాలుగు గీతలు గీసి వదిలిపెట్టలేదు, ఒక్కొక్క పెంకునూ విడివిడిగా, వంపుతో సహా గీశాడు. కింద మంచం మీద నాయనమ్మ ఉంది. తుపాను రాత్రి తర్వాత ఆవిడ ఆ మంచం దిగలేదని నాకు తెలుసు. కిటికీలో వాళ్ల నాన్న చేసిన కొమ్ము కొంగ ఒకటి, పడిపోకుండా, నిలబడి ఉంది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మరుసటి ఆదివారం కాగితం వాడి చేతికిచ్చి, "తప్పు నాదే నాన్నా. ఇందులో ఏముందో నాకు చెప్తావా?" అని అడిగాను. "ఇది ముందు ఎగిరింది టీచరమ్మా, తర్వాత ఇది" అంటూ మొదలుపెట్టాడు. ఒక్కొక్క పెంకూ వేలితో చూపిస్తూ అరగంట మాట్లాడాడు. అంతకు ముందు నెల రోజుల్లో వాడి నోటి నుంచి నేను విన్న మాటలన్నీ కలిపినా అంత లేవు.

ఇలాంటిది వాక్యంలో ఎక్కడుందని అడిగే పెద్దలకు బైబిల్లోని విలాపవాక్యములు అనే గ్రంథం తెరిచి చూడమని మనవి చేస్తున్నాను. అందులో ఐదు అధ్యాయాలున్నాయి. యెరూషలేము కాలిపోయి, జనం చెరలోకి పోయిన తర్వాత పుట్టిన ఏడుపు అది. తెలుగులో చదివేటప్పుడు మనకు కనబడదు గానీ, హెబ్రీ మూలంలో మొదటి నాలుగు అధ్యాయాలను అక్షరక్రమంలో అల్లారు. హెబ్రీ అక్షరాలు 22 కాబట్టి ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాల్లో 22 వచనాల చొప్పున ఉంటాయి. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి వచనాల వంతున 66 ఉంటాయి. మన శతక కవులు నియమం పెట్టుకుని పద్యాలు చెప్పినట్టే, గుండె పగిలిన ఆ భక్తుడు కూడా నియమం పెట్టుకుని, అక్షరం తర్వాత అక్షరం పట్టుకుని ఏడ్చాడు. శోకానికి ఒక ఆకారం ఇస్తే దాన్ని మోయడం సాధ్యమవుతుందని ఆయనకు తెలుసు. మా అబ్బాయి పెంకులను ఒక్కొక్కటిగా గీయడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనబడటం లేదు.

కీర్తనల గ్రంథంలో స్తుతి కీర్తనలు మాత్రమే మనం కంఠస్థం చేయిస్తాం. మొరలూ ఫిర్యాదులూ నిండిన కీర్తనలు అందులో ఎన్నో ఉన్నాయి. వాటిలో 88వది చివరికి కూడా ఆశ మాట లేకుండా చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఆరాధనలో పాడుకునే పాటల మధ్యనే దానికి చోటిచ్చారు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్లి "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను" అన్న యోబు మాట చెప్పి వచ్చెయ్యడం మనకు వాడుక. యోబు గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. మనం మొదటి అధ్యాయం దగ్గరే మూసేస్తున్నాం. మూడో అధ్యాయంలో అదే యోబు తాను పుట్టిన దినాన్ని శపించాడు. ఆయనను చూడవచ్చిన స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నేల మీద మాట లేకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదొక్కటే. నోరు తెరిచి నీ పాపమే కారణమని ఉపన్యాసాలు మొదలుపెట్టాక అపకారమే చేశారు. చివరి అధ్యాయంలో తనను గూర్చి సరిగా పలకలేదని దేవుడు కోపపడింది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. పరామర్శకు వెళ్లే మన స్త్రీల సమాజం సభ్యులందరూ, నాతో సహా, ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఏలీయా ప్రవక్త సంగతి కూడా ఒక్కసారి తలుచుకుందాం. అగ్ని దిగివచ్చిన కర్మెలు కొండ విజయం జరిగిన కొద్దిరోజులకే ఆయన అరణ్యంలో బదరీవృక్షం కింద కూలబడి, ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి ఆయనకు ప్రసంగం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు ఇచ్చి, తిని పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. నిద్రా తిండీ లేక అలసిన మనిషికి ముందుగా కావలసినవి దేవునికి తెలిసే ఉన్నాయి. ఇక మన ప్రభువు లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు, గెత్సేమనేలో తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉందని శిష్యులకు దాచకుండా చెప్పుకున్నాడు. ఆయన ఏడ్చిన చోట మనం ఏడిస్తే అది విశ్వాసలోపం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చేతిపని విషయానికొస్తే, దేవుని ఆత్మతో నింపబడ్డాడని నిర్గమకాండం స్పష్టంగా చెప్పిన మనిషి బెసలేలు. బంగారం, వెండి, ఇత్తడి పనులూ, రత్నాలు పొదగడం, చెక్క చెక్కడం చేసే పనివాడాయన. యొప్పేలో దొర్కా చనిపోతే విధవరాండ్రు పేతురుకు చూపించి ఏడ్చింది ఆమె కుట్టిన అంగీలనూ వస్త్రాలనూ. మన ప్రాంతం మాట చెప్పుకుంటే, తెలుగు క్రైస్తవులు ఎక్కడ ఉన్నా పాడుకునే కీర్తనలెన్నో రాసిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో ఈ పర్లాకిమిడి ప్రాంతంలోనే, వంగదేశం నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టారు. తనది కాని భాషను తనదిగా చేసుకుని, మన రాగాల్లో, మన తాళాల్లో ప్రభువును కీర్తించారు. నేటికీ మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అవి చదివి పాడగలిగిన వాళ్లు మాత్రం మా సంఘంలో ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్లూ వృద్ధులే. కొండ మీది గ్రామాల్లో క్రీస్తును నమ్ముకున్న సవర గిరిజన కుటుంబాలు గోడ మీద బొమ్మలు వేయడం మానుకున్నాయి. అవి పాత ఆరాధనకు చెందినవని వాళ్లు తీసుకున్న నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ వేళ్లలోని నేర్పు దేవుడిచ్చిందే కాబట్టి, దానికి వేరే పని చూపించడం సంఘం బాధ్యత అని నా అభిప్రాయం.

మాకు మరో ఇబ్బంది కూడా ఉంది. మా పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరాలు చాలామందికి రావు. పరీక్ష తప్పిన పిల్లవాడు తన అవమానాన్ని ఏ భాషలో చెప్పుకోవాలో తెలియక మూగవోతాడు. సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడిన గిడుగు రామమూర్తిగారు ఉద్యోగం చేసిన ఊరు మాది. ఆయన కష్టం చూసిన ఊళ్లోనే మన పిల్లలు అమ్మ భాషలో నాలుగు వాక్యాలు రాసుకోలేకపోవడం నన్ను చాలా బాధపెడుతోంది. అందుకే గత మూడేళ్లుగా సండేస్కూల్లో చివరి పావుగంట, ఆ వారం తమకు బాధ కలిగించిన సంగతి ఒకటి, సంతోషం కలిగించినది ఒకటి, దేవునికి ఉత్తరంగా రాయమంటున్నాను. తెలుగు రానివాళ్లు ఒడియా లిపిలో రాస్తారు, అదీ చేతకాని చిన్నవాళ్లు బొమ్మ గీస్తారు. వాటిని నేను దిద్దను, మార్కులు వెయ్యను, పిల్లలు చూపించాలనుకుంటేనే చూస్తాను.

ఒక హెచ్చరిక తప్పక చెప్పాలి. పాటా బొమ్మా కుట్టూ మనసుకు ఊపిరినిస్తాయి గానీ, అవి వైద్యానికి బదులు కావు. వారాల తరబడి నిద్రలేనివారినీ, తిండి మానేసినవారినీ, చచ్చిపోవాలనుందని అన్నవారినీ ఉపవాస కూడికలో కూర్చోబెట్టి ఊరుకోవడం పాపం. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే, "ప్రియుడైన వైద్యుడు" అనే పౌలు ఆయనను పిలిచాడు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. తెలుగు, ఒడియా సహా 20 భాషల్లో మాట్లాడే వాళ్లుంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఈ వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి తప్ప శిక్షించకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లకుండా దాచిపెట్టే కుటుంబాలు మా ప్రాంతంలో ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ సంగతి కాపరులు వేదిక మీద నుంచి చెప్పాలి.

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం సంఘాల పెద్దలను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నెలకొక ఆదివారం సాయంత్రం గుడి తలుపులు తెరిచి పెట్టి, కొమ్ము పనివాళ్లనూ, కుట్టుపని వచ్చిన అక్కలనూ, రాగం తెలిసిన పెద్దలనూ పిలిచి, పిల్లల పక్కన కూర్చోబెట్టండి. ఆరాధనలో ఏడాదికి నాలుగైదు సార్లయినా ఒక విలాప కీర్తనను పూర్తిగా, మధ్యలో ఆపి "అయినా ప్రభువు మంచివాడు" అని అతికించకుండా, చదివించండి. సాక్ష్యాలు చెప్పే సమయంలో ఇంకా జవాబు రాని ప్రార్థన గురించి కూడా చెప్పుకోవచ్చని ప్రకటించండి.

తమ పత్రికకు నా మనవి ఒకటే. మా జిల్లా పేజీలో ఆదివారపు ఆరాధనల వేళలు ప్రకటించే చోట, వాటి కిందే 14416 నంబరును కూడా వారం వారం అచ్చువేయండి. ఆ పేజీని కత్తిరించి గుడి తలుపు పక్కన అతికించే పని మా సండేస్కూలు పిల్లలు చేస్తామంటున్నారు.

ఇట్లు,
సండేస్కూలు ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.