శనివారాలు టచ్‌లైన్ మీద: 2025 రగ్బీ సీజన్ వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దావిడ లేచి నిలబడి, "ఉగాదికి ఖర్చు పెట్టండి, తెలుగు బడికి ఖర్చు పెట్టండి, కాదనను. ఈ రగ్బీతో మన సంఘానికి ఏం పని బాబూ?" అని అడిగారు. ఆ రోజు కార్యదర్శిగా నేను తడబడ్డాను. సిడ్నీలో పెరుగుతున్న మన పిల్లలకు ఆటలు కూడా ముఖ్యమే అని ఏదో పొడిపొడిగా చెప్పి కూర్చున్నాను. ఆ తర్వాత ఒక సీజన్ మొత్తం, వానలో, చలిలో, దాదాపు ప్రతి శనివారం మైదానం పక్కన, టచ్‌లైన్ అనే పక్క గీత దగ్గర నిలబడ్డాను. ఇప్పుడైతే జవాబు చెప్పగలను. అందుకే ఈసారి నివేదికలో లెక్కల కన్నా జరిగిన సంగతులే ఎక్కువ ఉంటాయి.

కొత్తగా చేరిన కుటుంబాల కోసం కొంచెం వివరం. రగ్బీ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట, బంతి ఉన్నవాడిని ఎదుటి జట్టు పట్టి పడగొడుతుంది. ఇక్కడ జీపీఎస్ (గ్రేట్ పబ్లిక్ స్కూల్స్) అని అందరూ పిలిచేది తొమ్మిది బడుల ఆటల సంఘం. 1892లో పుట్టింది. పేరులో 'పబ్లిక్ స్కూల్స్' అని ఉన్నా వాటిలో ఎనిమిది ప్రైవేటు బడులే: కింగ్స్, న్యూయింగ్టన్, సెయింట్ జోసెఫ్స్, రివర్‌వ్యూ, స్కాట్స్, షోర్, సిడ్నీ గ్రామర్, దూరంగా ఉత్తరాన ఆర్మిడేల్. ప్రభుత్వ బడి ఒక్కటే, సిడ్నీ బాయ్స్ హై. సెలెక్టివ్ అనే ప్రవేశ పరీక్ష రాసి అందులో చేరిన మన పిల్లలు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ పేరు మీరు వినే ఉంటారు. ఏడాదికి వేల డాలర్ల ఫీజులుండే బడులకూ, ఫీజు లేని ఆ బడికీ ఒకే గొడుగు కింద ఆటలు జరగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వీటి మధ్య పోటీ నిన్నమొన్నటిది కాదు. న్యూయింగ్టన్, కింగ్స్ 1870లోనే తలపడ్డాయి. అందరికన్నా ఎక్కువసార్లు ఛాంపియన్లు అయింది సెయింట్ జోసెఫ్స్. వాళ్ళని అందరూ జోయీస్ అంటారు. లేన్ కోవ్ నదికి ఈ వైపు హంటర్స్ హిల్‌లో జోయీస్, ఆ వైపు రివర్‌వ్యూ. రెండూ క్యాథలిక్ బడులే, రెండూ 1880 ప్రాంతంలో మొదలైనవే. వాళ్ళ మొదటి జట్లు ఆడే రోజు చూడాలి. బ్లేజర్లు వేసుకున్న వందలమంది పిల్లలు మెట్ల మీద నిలబడి ఒక్క గొంతుతో వార్ క్రై (తమ బడి నినాదం) అరుస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మా చిన్నప్పుడు పక్క ఊరి జట్టుతో చెడుగుడు పోటీ పడితే ఊరంతా కదిలొచ్చేది. సరిగ్గా అదే వేడి.

అయితే మన పిల్లలెవరూ ఆ మొదటి పదిహేనుమందిలో లేరు. ఈ ఏడాది మన కుటుంబాల నుంచి రగ్బీ ఆడినవాళ్ళు పదిహేడుమంది, ఐదు బడుల్లో. అందరూ 13సీ, 14డీ, 16సీ లాంటి జట్లలోనే. అంకె వయసు విభాగం, అక్షరం ఆ వయసులో జట్టు స్థాయి; ఏ అన్నిటికన్నా పైది. పెద్ద మ్యాచ్ మధ్యాహ్నం జరిగితే వీళ్ళ ఆట పొద్దున్న ఎనిమిదింటికే, గడ్డి మీద మంచు ఆరక ముందే, మెయిన్ గ్రౌండ్‌కి ఎక్కడో అవతల ఉన్న మైదానంలో ఉంటుంది. అక్కడ వార్ క్రైలు ఉండవు. రిఫరీ, ఇద్దరు కోచ్‌లు, కాఫీ కప్పు పట్టుకున్న పదిమంది తల్లిదండ్రులు, అంతే. ఆ పదిమందిలో మన వాళ్ళు ఉండాలన్నదే మా విభాగం పెట్టుకున్న పని. మన ఇళ్ళలో చాలామందికి శనివారం డ్యూటీ ఉంటుంది. నర్సులున్నారు, షాపులు నడిపేవాళ్ళున్నారు. అమ్మానాన్నలు రాలేని పిల్లాడి కోసం కనీసం ఒక్క తెలుగు మనిషైనా మైదానం దగ్గర ఉండేలా మే నెల ట్రయల్ మ్యాచ్‌ల నుంచి ఆగస్టు చివరిదాకా వంతులు వేసుకున్నాం. కెల్లీవిల్, పెండిల్ హిల్, స్కోఫీల్డ్స్ నుంచి బెల్‌వ్యూ హిల్‌లో స్కాట్స్ దాకా పొద్దున్నే వెళ్ళడమంటే టోల్ గేట్లకే ఎంతవుతుందో మీకు తెలుసు. నలుగురు పిల్లల్ని ఒకే కారులో ఎక్కించుకుని తిప్పిన డ్రైవర్లకి సంఘం తరఫున చేతులెత్తి మొక్కుతున్నాను. ఒక్క శనివారం మాత్రం వంతు తప్పింది. నార్త్‌బ్రిడ్జ్‌లో షోర్ మైదానాలకు వెళ్ళాల్సిన ఇద్దరు, ఒకరు వెళ్తారులే అని ఇంకొకరు అనుకుని ఇంట్లోనే ఉండిపోయారు. ఆ రోజు ఆడిన పిల్లాడు సాయంత్రం వాళ్ళమ్మతో, "ఇవాళ నాకోసం ఎవరూ రాలేదు" అన్నాడట. ఆ మాట మా అందరికీ గుచ్చుకుంది. ఆ తర్వాత పేర్లు శుక్రవారం రాత్రే గ్రూపులో ఖాయం చేసుకుంటున్నాం.

ఈ సీజన్‌లో మాకు దొరికిన పెద్ద అండ బాపట్ల దగ్గరి పల్లె నుంచి మనవడిని చూడటానికి వచ్చిన ఒక తాతయ్య. డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు చెడుగుడులో పేరున్న ఆటగాడు. మొదటి వారం మఫ్లర్ చుట్టుకుని కుర్చీలో కూర్చుని ఏమీ మాట్లాడకుండా చూశారు. రెండో వారం మనవడిని పిలిచి, "ఏరా, పట్టు పట్టేటప్పుడు కళ్ళెందుకు మూసుకుంటున్నావు?" అన్నారు. పెండిల్ హిల్ పార్కులో ఆదివారం సాయంత్రాలు మన పిల్లలకి పట్టు నేర్పడం అలా మొదలైంది. కూతకు వచ్చినవాడి ముఖం చూడొద్దు, నడుం చూడమనేవారు. ముఖం అటు చూసి ఇటు పోతుంది, నడుం ఎటు తిరిగితే మనిషి అటే. భుజం ఆనించి, తల పక్కకు పెట్టి, రెండు చేతులూ తొడల చుట్టూ బిగించి, కాళ్ళతో నెట్టమన్నారు. ఇక్కడి కోచ్‌లు ట్యాకిల్ (బంతి ఉన్నవాడిని పట్టి పడగొట్టడం) గురించి చెప్పేది కూడా అక్షరాలా ఇదే. పైగా 2024 నుంచి ఆస్ట్రేలియాలో సూపర్ రగ్బీ అనే ప్రొఫెషనల్ పోటీకి కింది స్థాయి ఆటలన్నిటిలో ట్యాకిల్ రొమ్ము ఎముక కింద మాత్రమే పట్టాలని ప్రయోగంగా నిబంధన తెచ్చారు. మెడకో భుజానికో వేలాడే అలవాటున్న పిల్లలు ఇబ్బంది పడ్డారు కానీ, తాతయ్య దగ్గర నేర్చుకున్నవాళ్ళకి నడుం పట్టు అప్పటికే వచ్చేసింది. ఆయన జూలైలో ఊరికి వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టుకి ఆరుగురు పిల్లలు వచ్చారు.

ఇక అందరూ జాగ్రత్తగా చదవాల్సిన విషయం.

జూన్‌లో మన పిల్లాడొకడికి, పదిహేనేళ్ళవాడికి, రక్‌లో (నేల మీది బంతి కోసం రెండు జట్లూ ఒకరినొకరు నెట్టుకునే గుంపులో) ఎవరిదో మోకాలు తలకు తగిలింది. లేచాడు, దులుపుకున్నాడు, ఇంకో పది నిమిషాలు ఆడాడు. ఎవరూ గమనించలేదు. నేనూ అక్కడే ఉన్నాను, నేనూ గమనించలేదు. ఇంటికి వెళ్తూ కారులో స్కోరెంత అని అడిగాడు. వాళ్ళమ్మ చెప్పింది. రెండు సిగ్నళ్ళు దాటాక మళ్ళీ అదే ప్రశ్న. ఆవిడ కారు పక్కకు ఆపి మన గ్రూపులో మెసేజ్ పెట్టింది. సభ్యుల్లో ఉన్న డాక్టరుగారు వెంటనే ఫోన్ చేసి, ఇంటికి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమన్నారు. కంకషన్ (దెబ్బకు మెదడు అదిరి దాని పని తాత్కాలికంగా దెబ్బతినడం) అని తేలింది. ఇప్పుడు బాగున్నాడు.

2024లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పిల్లలకి తలకు దెబ్బ తగిలి కంకషన్ అయితే కనీసం 21 రోజులు పోటీ ఆట ఆడకూడదు. ఒంటి మీద ఒకరు పడే ప్రాక్టీసులోకి తిరిగి రావాలన్నా, అంతకుముందు లక్షణాలేవీ లేకుండా 14 రోజులు గడవాలి. ఆ పిల్లాడికి అతను ఎంతో ఎదురుచూసిన మ్యాచ్ సరిగ్గా ఇరవయ్యో రోజున పడింది. వాళ్ళ నాన్నగారు నా దగ్గరికి వచ్చి, "ఒక్క రోజే కదండీ, వాడికి తలనొప్పి కూడా లేదు, మీరు ఒక మాట చెప్తే వింటారు" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఒప్పుకోలేదు. కాస్త గట్టిగానే మాటలు నడిచాయి. చివరికి ఆ శనివారం పిల్లాడు జట్టుకి మంచినీళ్ళ బాటిళ్ళు మోశాడు, వాళ్ళ నాన్నగారు నా పక్కనే నిలబడి ఆట చూశారు. ఇద్దరం ఇప్పుడు మంచి స్నేహితులం.

ఈ సంఘటన తర్వాత డాక్టరుగారితో తల్లిదండ్రులకి తెలుగులోనే ఒక సాయంత్రం అవగాహన సమావేశం పెట్టాం. దెబ్బ తగిలాక పిల్లాడు మందకొడిగా ఉన్నా, వెలుతురు పడకపోయినా, అడిగిందే అడుగుతున్నా తేలిగ్గా తీసుకోవద్దు. కంకషన్ అనుమానంతో ఆటగాడిని బయటికి పంపడానికి రిఫరీ బ్లూ కార్డు చూపిస్తే అది శిక్ష కాదు, రక్షణ. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకచోట చిన్న జట్ల మైదానాల దగ్గర ఫస్ట్ ఎయిడ్ మనిషి కనబడకపోవడం మన వాళ్ళు రెండుసార్లు గమనించారు. పేరు రాయను. మర్యాదగా ఉత్తరం రాశాం, కూర్చుని మాట్లాడాం, మూడో వారానికి ఏర్పాటు చేశారు. అడిగితే వింటారు.

స్క్రమ్ (రెండు జట్ల ముందు వరసల వాళ్ళు వంగి, భుజాలు కలిపి ఒకరినొకరు నెట్టడం) గురించి భయపడే తల్లులు చాలామంది. మెడ విరుగుతుందేమో అని టెన్షన్. పందొమ్మిదేళ్ళ లోపు ఆటలో స్క్రమ్‌ని మీటరున్నర కన్నా ఎక్కువ నెట్టకూడదన్న నియమం ఉంది. మన సన్నటి పిల్లలు మెడ బలపడే వ్యాయామం చేశాకే ముందు వరసకి వెళ్ళాలని మేం పట్టుబడుతున్నాం.

ఆగస్టు 2న సిడ్నీలోని హోంబుష్‌లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌తో (బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్ళ ఉమ్మడి జట్టు) ఆస్ట్రేలియా ఆడిన మూడో టెస్టుకి ఇరవైమందిమి వెళ్ళాం. సిరీస్ అప్పటికే పోయింది, మెల్‌బోర్న్‌లో చివరి నిమిషంలో 29-26తో చేజారింది. వాన. రెండో అర్ధభాగం మొదట్లో మెరుపుల వల్ల ఆట దాదాపు నలభై నిమిషాలు ఆపేశారు. తడిసి ముద్దవుతూ, డబ్బాల్లో తెచ్చుకున్న పులిహోర పంచుకుంటూ కదలకుండా కూర్చున్నాం. మళ్ళీ మొదలయ్యాక మ్యాక్స్ జోర్గెన్సన్ ట్రై కొట్టాడు, అంటే బంతిని ఎదుటివాళ్ళ గోల్ గీత దాటించి నేలకు ఆనించాడు. అతను జోయీస్‌లో చదివిన కుర్రాడు. జట్టులో ఉన్న జోసెఫ్ సువాలీ కింగ్స్ కుర్రాడు. మన గుంపులో కింగ్స్ పిల్లలూ ఉన్నారు, వాళ్ళ ప్రత్యర్థి బడుల పిల్లలూ ఉన్నారు. ఆ ఒక్క రాత్రి ఎవరి బడి ఆటగాడైనా అందరూ కలిసే అరిచారు. 22-12తో ఆస్ట్రేలియా గెలిచింది. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

టచ్‌లైన్ మీద ఈ ఏడాది మాకు దొరికిన స్నేహాల్లో ఒక టోంగా కుటుంబం ఉంది. వాళ్ళ నానమ్మ ప్రతి వారం పెద్ద డబ్బా నిండా తినుబండారాలు తెచ్చేవారు. మనలో శాకాహారులున్నారని తెలిశాక, తర్వాతి వారం కొబ్బరిపాలలో ఉడికించిన కందగడ్డ తెచ్చి, విడిగా మూత పెట్టి మన ఆడవాళ్ళ చేతికిచ్చారు. మన వాళ్ళు మిరపకాయ బజ్జీ ఇచ్చారు. ఆవిడ మనవడు మన 14డీ పిల్లాడికన్నా రెట్టింపు ఉంటాడు. ఎదురు జట్టులో ఆడి మన వాడిని రెండుసార్లు నేలకేసి కొట్టి, ఆట అయ్యాక తనే చెయ్యిచ్చి లేపాడు.

పదిహేడుమందిలో ముగ్గురు సీజన్ మధ్యలో మానేశారు. ముగ్గురికీ కారణం శనివారం ట్యూషనే. ఇది తల్లిదండ్రుల ఇష్టం, కాదనే హక్కు మాకు లేదు. కానీ ఒక మాట అడగాలనుంది. 'వాడు ఎలాగూ సీ జట్టేగా, మొదటి జట్టుకి రాడుగా' అని మానిపించేవాళ్ళు నిక్ ఫార్-జోన్స్ సంగతి తెలుసుకోవాలి. న్యూయింగ్టన్‌లో చదివేటప్పుడు ఆయన బడి మొదటి జట్టులోకి రాలేకపోయాడు. 1991లో ఆస్ట్రేలియా ప్రపంచ కప్ గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే. మన పిల్లలు దేశానికి ఆడాలని నేను అనడం లేదు. పద్నాలుగేళ్ళ పిల్లాడు వారమంతా చదువుకుని, శనివారం పొద్దున్న పద్నాలుగుమంది తోటివాళ్ళ కోసం బురదలో పడి లేస్తున్నాడంటే అది ఏ జట్టయినా చిన్న విషయం కాదు. పోయినేడు ప్రశ్న అడిగిన పెద్దావిడకి ఇదే నా జవాబు. ఆవిడ మనవడు ఈ ఏడాది 13సీలో ఆడాడని, చివరి రెండు మ్యాచ్‌లకి ఆవిడే శాలువా కప్పుకుని వచ్చారని కూడా సంతోషంగా నమోదు చేస్తున్నాను.

భారతదేశంలో కూడా రగ్బీ ఊపందుకుంటోంది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన మొదటి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్. ఆ మ్యాచ్‌లు చూడటానికి పిల్లలు ఒకరి ఇంట్లో చేరారు. అక్కడి సెవెన్స్ (జట్టుకి ఏడుగురే ఆడే రగ్బీ) ఆట వేగం చూసి వాళ్ళకి మతిపోయింది.

ఖర్చుల వివరం కోశాధికారిగారు విడిగా పంపారు. ఎక్కువ భాగం దంతవైద్యుడి దగ్గర కొలతలిచ్చి చేయించిన మౌత్‌గార్డులకీ, పెట్రోలుకీ పోయింది. సాసేజ్ స్టాల్‌లో నిలబడి మిగిల్చిన డబ్బు మొత్తం ఫస్ట్ ఎయిడ్ సంచులకి వాడాం.

వచ్చే సీజన్‌కి ముగ్గురు డ్రైవర్లు, ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకోవడానికి ఇద్దరు కావాలి. పాత బూట్లు పిల్లల కాళ్ళకి బిగుతైపోయి ఉంటాయి. పారేయకుండా కడిగి ఆరబెట్టి, సైజు చీటీ అంటించి జనవరి నెలాఖరులోపు తెలుగు బడి దగ్గర ఇవ్వండి. సైజు ఆరు, ఏడు ఎక్కువగా అడుగుతున్నారు.

కార్యదర్శి,
రగ్బీ తల్లిదండ్రుల విభాగం