బండి నుంచి నాన్నను దించిన టిప్పర్ తమ్ముడికి

నాన్న పోయి మూడు రోజులైంది. నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. టిప్పర్ తోలే ఆ తమ్ముడి పేరు కూడా అడగలేదు. తెలిసినవాళ్లెవరైనా అతనికి నా ఈ థాంక్స్ చదివి వినిపించండి.

నాన్న తోలే పొక్లెయిన్, అదే మట్టి తవ్వే బండి, ఇంజన్ ఆడుతోంది, మట్టి నిండిన బకెట్ గాల్లోనే ఆగిపోయింది. లోడుకని పక్కన నిలబడ్డ అతనికే అనుమానమొచ్చింది. క్యాబిన్ ఎక్కగానే ముందు సేఫ్టీ లీవర్ లాక్ చేశాడట, ఇక ఏ లీవర్ తగిలినా బండి కదలదు. అది మరిచి కంగారులో మనిషిని లాగితే మోకాలు జాయ్‌స్టిక్‌కి తగులుతుంది, బకెట్ పట్టిన చెయ్యి, అంటే బూమ్, గిర్రున తిరిగి కింద ఉన్నవాళ్లను కొడుతుంది. ఇది తెలిసినవాళ్లు తక్కువ. నాన్నను దించి గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నొక్కాడు. మెత్తటి సీట్లో నొక్కితే వీపు దిగిపోతుంది తప్ప గుండె మీద ఒత్తిడి పడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు. రెండు నిమిషాలకోసారి ఇంకొకరితో చేతులు మార్చుకుంటూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపలేదు.

అదేమో ఎంతకీ రాదు! ఫోన్‌లో ల్యాండ్‌మార్క్ అడుగుతారు. మట్టికుప్పల మధ్య ఏం చెప్తారు? బండి ఇన్సూరెన్స్ కాగితం క్యాబిన్‌లో భద్రంగా ఉంది. తోలే మనిషికి మాత్రం గంటల లెక్క రాసిన నోటుబుక్కే.

అక్కడితో తన పని అయిపోయిందని అతను వెళ్లిపోలేదు. గోతి అంచున 20 టన్నుల బండి రాత్రంతా ఉంటే గట్టు విరుగుతుందని వెనక్కి తీశాడు. క్యాబిన్ వెనక్కి తిరిగి ఉంటే బండిని నడిపే ట్రావెల్ లీవర్ల దిశ తిరగబడుతుంది, ముందుకు తోస్తే బండి వెనక్కి పోతుంది. కొత్తవాళ్లు గోతిలో పడేది అక్కడే. అతను ట్రాక్‌ను, అంటే ఇనుప గొలుసు పట్టాను, తిప్పే వెనకవైపు పళ్లచక్రాలు (స్ప్రాకెట్లు) ఎటున్నాయో చూసుకునే కదిపాడు. బకెట్ నేలకు ఆనించి, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో చల్లబడాలని ఐదు నిమిషాలు స్లోలో ఉంచి అప్పుడు ఆపాడు. ట్రాక్ రోలర్ల మధ్య బురద గీకాడు, ఎండితే ట్రాక్ బిగుసుకుంటుందని. రోజూ సాయంత్రం నాన్న చేసే పనే.

నన్ను ఏడిపించింది ఇవేవీ కావు. ఆ గట్టున తీతువు పిట్ట నేల మీదే నాలుగు గుడ్లు పెట్టింది. మట్టి రంగులో మచ్చలు, క్యాబిన్‌లోంచి కనపడవు. నాన్న వాటి చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి, పక్కనుంచి తవ్వుతున్నాడు. ఆదివారం కూడా ఇంట్లో ఉండక గుట్టలెక్కే మనిషి, బకెట్ వెంట వచ్చే కొంగలతో మాట్లాడే మనిషి. ఆ రాళ్లెందుకో అతనికి ఎవరూ చెప్పలేదు. అయినా అక్కడ బండి తిప్పలేదు. తిప్పితే ట్రాక్ నేలను చీల్చేస్తుంది. నిటారుగా వెనక్కి తీసుకుపోయి, దూరంగా తిప్పాడు.

అమ్మా, చెల్లీ, బాబాయిలూ, మీకు వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు.

అయ్యో, రక్తమిచ్చిన ఇద్దరు గ్రేడర్ ఆపరేటర్లు! వార్డులో ఫోన్ ఛార్జర్ ఇచ్చిన ఆయమ్మ. డీజిల్ పోసే కుర్రాడు, ఛాతీ నొక్కడంలో చేతులు మార్చింది వాడే. ఇంకా, ఆ నాలుగు రాళ్లూ ఇప్పటికీ తీయనివ్వని వాచ్‌మన్ గారికి కూడా థాంక్స్.