ఇంటి చదువు కుటుంబాల సంఘం: సభ్యులకు వార్షిక కార్యకలాపాల నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గడిచిన సంవత్సరంలో మన సంఘం చేపట్టిన కార్యక్రమాలను, వాటి విషయంలో కార్యవర్గం తీసుకున్న నిర్ణయాలను, రాబోయే సర్వసభ్య సమావేశంలో చర్చకు వచ్చే అంశాలను ఈ నివేదికలో మీ ముందు ఉంచుతున్నాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపుతున్నందువల్ల ఇక్కడ ఆ వివరాల జోలికి వెళ్ళడం లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది మూడు నుంచి ఎనిమిదేళ్ళ లోపువారే కాబట్టి ఈ నివేదిక కూడా ప్రధానంగా ఆ వయసు వారి గురించే ఉంటుంది.

ఈ ఏడాది నిర్ణయాలన్నిటిలోకీ ముఖ్యమైనది, కొంత చర్చకు దారితీసినదీ ఒకటుంది. అంతకుముందు ప్రతి విహారానికీ ఒక కొత్త చోటు వెతికేవాళ్ళం. పిల్లలు ఉత్సాహంగానే వచ్చేవారు, ఉత్సాహంగానే తిరిగి వెళ్ళేవారు. కానీ కొన్నాళ్ళు పోయాక కదిపి చూస్తే, ప్రయాణం గుర్తున్నంతగా చూసిన వస్తువులు గుర్తుండేవి కావు. అందుచేత ఈసారి కొత్త చోట్ల జాబితాను బాగా కుదించి, ఒక చెరువు గట్టు, దాని పక్కనున్న చెట్ల తోపు, సంఘం సాగు చేస్తున్న చిన్న తోట, ఈ మూడు చోట్లకే కాలం మారినా మళ్ళీ మళ్ళీ వెళ్ళాలని తీర్మానించాం. చూసిందే చూస్తే పిల్లలకు విసుగు పుట్టదా అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి వాదనతో కాక, ఏడాది పొడవునా జరిగిన పనితోనే జవాబు చెప్పడం మేలనుకుంటున్నాం.

చెరువు గట్టు

చెరువు దగ్గర మేము వాడిన సామగ్రి చాలా తక్కువ: సన్నటి వల, తెల్లటి లోతైన పళ్ళెం, భూతద్దం. పళ్ళెంలో చెరువు నీళ్ళు పోసి, ఎవరూ కదిలించకుండా కొద్ది నిమిషాలు ఆగితే, మొదట ఖాళీగా కనిపించిన నీళ్ళలోనే ఒక్కొక్క ప్రాణీ కదలడం మొదలవుతుంది. ఆ కొద్ది నిమిషాలు ఆగగలగడమే నాలుగేళ్ళ పిల్లలకు మొదటి పాఠం. వారికంటే పెద్దవాళ్ళకే అది కష్టమైందని కూడా చెప్పాలి. తూనీగ పిల్ల పురుగును పిల్లలు ఎక్కువగా ఇష్టపడ్డారు. నీటిలో బతికే ఆ దశలో అది తన కింది పెదవిని ముఖం కింద మడిచి ఉంచుకొని, ఎర అందే దూరానికి రాగానే ఒక్కసారిగా చాచి పట్టుకుంటుంది. రెక్కలతో ఎగిరే తూనీగ ఒకప్పుడు ఇలా నీటి అడుగున వేటాడుతూ బతికిందంటే చాలామంది పిల్లలు నమ్మలేదు. తరువాతి రాకల్లో గట్టున రెల్లు కాడలకు అంటుకొని ఉన్న ఖాళీ చర్మాలను, వీపు మీద చీలిక సహా, వారే వెతికి పట్టుకొచ్చి చూపించాక నమ్మారు.

తోకకప్పల విషయంలోనూ అంతే. ముందు కాళ్ళు మొదట వస్తాయా, వెనుక కాళ్ళు మొదట వస్తాయా అని అడిగి, ఎవరి ఊహను వారు బొమ్మ గీసి దాచుకోమన్నాం. వెనుక కాళ్ళే మొదట కనిపిస్తాయని తెలిసే సరికి వారాలు పట్టింది. అన్ని వారాలు ఒక ప్రశ్నను చిన్న పిల్లలు మోయగలరని ఒక్కసారి చూసి వచ్చే విహారంలో మనకు తెలిసే అవకాశమే లేదు.

పట్టిన ప్రతి ప్రాణినీ పట్టిన చోటే వదలాలన్న నియమాన్ని ఏడాదంతా పాటించాం. నీటి దగ్గర చిన్నవారిలో ప్రతి ఒక్కరికీ చేయి చాపితే అందే దూరంలో బాధ్యత తీసుకున్న పెద్దవారు ఒకరు ఉండాలని, ఆ సమయంలో ఫోన్లు సంచుల్లోనే ఉండాలని పెట్టుకున్న నియమం మాత్రం కొన్నిసార్లు గుర్తుచేయవలసి వచ్చింది. ఇది మర్యాదకు సంబంధించినది కాదు, ప్రాణాలకు సంబంధించినది కనుక వచ్చే ఏడాది దీన్ని ప్రవేశ పత్రంలోనే రాతపూర్వకంగా చేర్చాలని ప్రతిపాదిస్తున్నాం.

తోటలోని నిమ్మ మొక్క

నిమ్మ ఆకుల మీద పెరిగే సీతాకోకచిలుక గొంగళిపురుగులు మొదట్లో పక్షి రెట్టలా కనిపిస్తాయి. పెద్దవయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతాయి. పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి రెండుగా చీలిన ఒక రంగు కొమ్మును బయటికి తీసి ఘాటైన వాసన వదులుతాయి. పిల్లలు వరుసలో నిలబడి వాసన చూసి ముక్కులు మూసుకున్నారు. ఆ తరువాత పురుగు కొమ్మకు అతుక్కొని, నడుము చుట్టూ ఒక పట్టుదారం బిగించుకొని ప్యూపాగా, అంటే సీతాకోకచిలుకగా మారేముందు పెంకులో కదలకుండా ఉండే రూపంగా, మారే దశను రోజువారీగా కనిపెట్టి చూసే బాధ్యతను కుటుంబాలు వంతులవారీగా తీసుకున్నాయి.

ఇక్కడ జరిగిన ఒక సంగతిని కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లలు ఎదురుచూస్తున్న ప్యూపాల్లో ఒకటి రంగు మారి గోధుమ రంగుకు తిరిగింది. దాన్ని చీల్చుకొని సీతాకోకచిలుక రాలేదు. పెంకు మీద గుండుసూది గుచ్చినట్టున్న రంధ్రం కనిపించింది, అందులోంచి రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున్న కందిరీగలు ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చాయి. కొన్ని జాతుల కందిరీగలు అప్పుడే ఏర్పడిన ప్యూపాలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు లోపలి భాగాన్ని తిని పెరుగుతాయి. ఈ సంగతి పిల్లలకు చెప్పాలా వద్దా అని పెద్దలలో భేదాభిప్రాయం వచ్చింది. చివరకు చూసింది చూసినట్టు చెప్పాం. ఒకరిద్దరు ఏడ్చారు. ఒక పాప మాత్రం ఆ కందిరీగలకు ఇల్లు ఎక్కడ అని అడిగింది. గొంగళిపురుగులు మొక్కనంతా తినేయకుండా ఆపేవాటిలో ఈ కందిరీగలూ ఉన్నాయన్న మాట ఆ ప్రశ్న తరువాతే చెప్పగలిగాం. ముందే చెప్పి ఉంటే అది ఓదార్పులా వినిపించేది తప్ప విషయంలా వినిపించేది కాదు.

నీడ కర్ర, చందమామ

తోటలో ఆరుబయట ఒక కర్ర నిలువుగా పాతి, గంటగంటకూ నీడ కొనను రాయితో గుర్తించే పని ఐదేళ్ళు దాటిన వారిది. గడియారం పన్నెండు చూపినప్పుడే నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుందని పెద్దల్లోనే చాలామంది అనుకున్నారు. రాళ్ళ వరుస ఆ మాట ఒప్పుకోలేదు. ఒక ప్రాంతమంతటికీ ఒకే రేఖాంశాన్ని బట్టి గడియారాలు పెట్టుకుంటాం కాబట్టి, పైగా భూకక్ష్య అచ్చమైన వృత్తం కానందువల్లా, భూమి అక్షం వాలి ఉన్నందువల్లా సూర్యుడి మధ్యాహ్నం ఏడాదిలో దాదాపు పదహారు నిమిషాల దాకా ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి ఈ తేడా వస్తుంది. చిన్నవారికి ఈ కారణాలేవీ చెప్పలేదు. నెలకోసారి అదే కర్ర దగ్గరికి వచ్చి, పాత రాళ్ళ పక్కన కొత్త రాళ్ళు పెట్టారు. ఆ వయసుకు అది చాలు.

చందమామ బొమ్మల పుస్తకం ఇళ్ళలోనే సాగింది. ఒక పున్నమి నుంచి మరో పున్నమికి సుమారు 29.5 రోజులు పడుతుంది కనుక నెల రోజుల గళ్ళు గీసి ఇచ్చాం. మబ్బు పట్టిన రోజున గడిని ఖాళీగా వదలమని, ఊహించి నింపవద్దని గట్టిగా చెప్పాం. చూడనిదాన్ని చూడలేదని రాయడం శాస్త్రంలో చాలా పెద్ద విషయం, అది ఆరేళ్ళకే అలవాటైతే మంచిదే. చంద్రోదయం రోజుకు సగటున యాభై నిమిషాలు ఆలస్యమవుతుందన్న సంగతిని కొందరు పిల్లలు పడుకునే వేళ దాటిపోతోందన్న ఫిర్యాదు రూపంలో కనిపెట్టారు.

చేతిపనులు

గాజు గ్లాసు గోడకు తడిగుడ్డ ఆనించి, మధ్యలో చిక్కుడు గింజలు పెట్టి మొలకెత్తించడం పాత ప్రయోగమే. వేరు కొంత సాగాక గ్లాసును పక్కకు పడుకోబెట్టి ఉంచితే, వేరు మళ్ళీ కిందికీ, మొలక మళ్ళీ పైకీ వంగడం పిల్లలను ఆశ్చర్యపరిచింది. ఎరువు గుంట విషయంలో పెద్దలకూ ఒక సంగతి తెలిసింది: కుప్ప సుమారు మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉంటే తప్ప లోపల పుట్టిన వేడి నిలవదు. సరిపడా పెద్ద కుప్పలో సూక్ష్మజీవుల పని వల్ల మధ్య భాగం 50 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. పొడవాటి ఉష్ణమాపకం దించి అంకెలు చదవడానికి పోటీ పడిన వారిలో అంతకుముందు అంకెలంటే మొహం తిప్పుకున్న పిల్లలూ ఉన్నారు. మందార రేకుల రసంలో నిమ్మరసం, సబ్బునీళ్ళు విడివిడిగా కలిపి రంగులు చూడటం, పుల్లతో తక్కెడ కట్టడం, గుడ్డ కుట్టడం వంటివి కూడా జరిగాయి.

వడ్రంగి పనిముట్ల గురించి కార్యవర్గం అభిప్రాయం స్పష్టంగా ఉంది. పిల్లల చేతికి సరిపడే పరిమాణంలో ఉన్న అసలైన సుత్తి, రంపం ఇవ్వాలి. బొమ్మ పనిముట్లు, మొద్దుబారిన పనిముట్లు ఇవ్వకూడదు. మొద్దు రంపానికి బలం ఎక్కువ పెట్టాలి, బలం ఎక్కువైతే చెయ్యి జారుతుంది. ఒక పెద్దవారు ఇద్దరు పిల్లలకు మించి చూడకూడదన్న నియమం మీద మాత్రం ఎలాంటి సడలింపూ లేదు.

తల్లిదండ్రుల సమావేశాలు

నెలవారీ సమావేశాల్లో కొంత చరిత్ర చదివాం. విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్న పిల్లల కోసం స్థాపించిన సంస్థకు 1840లో కిండర్‌గార్టెన్ (పిల్లల తోట) అన్న పేరు పెట్టాడు. ఆయన పద్ధతిలో ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఉమ్మడి మడులు ఉండేవి. మన తోటలోని మడులను ఈ ఏడాది ఆ విధంగానే పంచాం. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో ‘పిల్లల ఇల్లు’ అన్న పేరుతో చిన్న పిల్లల బడిని ప్రారంభించింది. పనిముట్ల గురించి పైన చెప్పిన అభిప్రాయం ఆమె ఆలోచనలకు దగ్గరగా ఉంటుంది. బ్రిటన్ విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) ప్రోత్సహించిన ప్రకృతి నోటుపుస్తకాన్ని, అంటే ఆరుబయట చూసినవాటిని గీసి రాసుకునే పుస్తకాన్ని, మన కుటుంబాల్లో చాలామంది ఇప్పటికే వాడుతున్నారు.

ఆరుబయట గడిపే సమయం గురించి ఆధారాలు అడిగిన సభ్యుల కోసం చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగి 2015లో ప్రచురితమైన పరిశోధనను చర్చించాం. బడిలో రోజుకు అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన ఒకటో తరగతి పిల్లల్లో మూడేళ్ళలో 30.4 శాతం మందికి, అలా గడపని వారిలో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనిపించడం) వచ్చింది. ఇది కంటిచూపు గురించి చెప్పే విషయమే గానీ మన పద్ధతిలో చదువు బాగా వస్తుందనడానికి రుజువు కాదు. అలాగే మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాల శారీరక చురుకుదనం, తెర ముందు గంటకు మించని సమయం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

చదవడం, రాయడం ఎప్పుడు అన్నది ఈ సమావేశాల్లో తరచూ వచ్చిన ప్రశ్న. అక్షరాలను వాయిదా వేయాలని సంఘం ఎన్నడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడం లేదు. మడికి తన పేరు పలక రాసి పెట్టాలి, ఉష్ణమాపకం చదవాలి, తక్కెడ తూచాలి. ఈ అవసరాల వల్ల నేర్చుకునేది కొంత ఉంటుంది. క్రమబద్ధంగా నేర్పవలసిన భాగం మరికొంత ఉంటుంది. రెండోదాన్ని తోటలో తిరిగితే అదే వస్తుందని వదిలేయడం సరికాదని, ఇంట్లో రోజూ కొద్దిసేపు కూర్చోబెట్టి చెప్పాలని కార్యవర్గం భావిస్తోంది. సభ్యులందరూ దీనితో ఏకీభవించరని తెలుసు.

ఇంటి చదువుకు సంబంధించిన చట్టాలు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. జర్మనీలో సాధారణంగా బడికి హాజరు తప్పనిసరి. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే అయినా అధికారులకు తెలియజేసే పద్ధతి రాష్ట్రానికో విధంగా ఉంది. కనుక నివాసం మారుతున్న కుటుంబాలు అక్కడి నిబంధనలను ముందుగానే తెలుసుకోవాలి, బిడ్డ పనుల నమూనాలను తేదీలతో సహా భద్రపరచుకోవాలి.

రాబోయే సంవత్సరం

మూడు చోట్లకే పరిమితం కావాలన్న తీర్మానాన్ని మరో ఏడాది కొనసాగించాలని కార్యవర్గం సిఫారసు చేస్తోంది. కొత్త చోట్లు బొత్తిగా వద్దని కాదు; పిల్లల నుంచి ఏదైనా ప్రశ్న పుట్టినప్పుడు, దాని జవాబు ఉన్న చోటికే వెళ్దామని. పగలు పనిచేసే తల్లిదండ్రులు రాలేకపోతున్నారన్నది ఈ ఏడాది తీరని ఇబ్బంది. సెలవు రోజున ఒక విడత పెట్టడానికి బాధ్యత తీసుకునేవారు కావాలి. ప్రథమ చికిత్స శిక్షణ పొందిన సభ్యులు కూడా ఇప్పుడున్న కార్యక్రమాలకు చాలడం లేదు, ఆసక్తి ఉన్నవారు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.

కార్యవర్గ ఎన్నిక సర్వసభ్య సమావేశంలోనే జరుగుతుంది. సంఘం భూతద్దాలు, వలలు, చేతి రంపాలు ఇంటికి తీసుకువెళ్ళిన కుటుంబాలు వాటిని ఆ రోజున తెచ్చి అప్పగించి, జాబితాలో సంతకం చేయవలసిందిగా కోరుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి