మే నెలలో మసాయి మారాకు వెళ్లదలచిన వారికి

సంపాదకులకు,

వేసవి సెలవులు దగ్గరపడగానే మన పట్టణాల్లోని ప్రయాణ సంస్థలు ఆఫ్రికా సఫారీ పేరుతో కరపత్రాలు పంచడం కొన్నేళ్లుగా చూస్తున్నాను. దాదాపు అన్నిటి మీదా ఒకే బొమ్మ ఉంటుంది: మొసళ్లు కాచుకున్న మారా నదిలోకి వేలకొద్దీ వైల్డ్‌బీస్ట్‌లు దూకుతున్న దృశ్యం. ఆ బొమ్మను నమ్మి నిరుడు మే నెలలో మా కుటుంబం కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్లింది. సింహాలను, ఏనుగులను, జిరాఫీలను తనివితీరా చూశాము గాని, నది ఒడ్డున రెండు పూటలు కూర్చున్నా నీటిగుర్రాలు తప్ప మరేమీ కనబడలేదు. సంస్థ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పులో సగం నాదే. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించినవాడినై ఉండి, మందలు ఏ నెలలో ఎక్కడ ఉంటాయో చూడకుండా మనవల బడి సెలవులు చూసి టికెట్లు కొన్నాను.

వైల్డ్‌బీస్ట్‌ను మన పత్రికలు అప్పుడప్పుడు అడవిదున్న అని రాస్తుంటాయి. అది దున్న కాదు, జింకను పోలిన ఒక రకం ఆంటిలోప్. లక్షల సంఖ్యలో ఉన్న ఈ జంతువులు, వాటితోపాటు జీబ్రాలు, టాంజానియాలోని సెరెంగెటి జాతీయ ఉద్యానవనానికీ దానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న మసాయి మారాకూ మధ్య వానలను, పచ్చికను వెతుక్కుంటూ ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. సెరెంగెటి విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు కాగా మారా అభయారణ్యం సుమారు 1,510 మాత్రమే కాబట్టి, ఏడాదిలో ఎక్కువ నెలలు మందలు టాంజానియా వైపే ఉంటాయన్నది ముందుగా గ్రహించవలసిన విషయం. డిసెంబర్ నుంచి మార్చి దాకా అవి దక్షిణాన ఎన్‌డూటు చుట్టుపక్కల మైదానాల్లో మేస్తాయి. అగ్నిపర్వతాల బూడిద పేరుకున్న ఆ నేలలో మొలిచే పొట్టి గడ్డిలో పాలిచ్చే తల్లులకు కావలసిన ఖనిజాలు సమృద్ధిగా ఉంటాయి గనుక, ఫిబ్రవరి ప్రాంతంలో మందలోని ఆడవాటిలో అధికభాగం రెండు మూడు వారాల వ్యవధిలోనే ఈనుతాయి. పుట్టిన దూడ కొద్ది నిమిషాల్లోనే లేచి తల్లి వెంట పరుగెత్తుతుంది. ఏప్రిల్, మే నెలల పెద్ద వానల్లో మందలు మధ్య సెరెంగెటి మీదుగా వాయవ్యానికి కదిలి, జూన్ నాటికి గ్రుమేటి నది ప్రాంతానికి చేరతాయి. కరపత్రాల మీది మారా నది దృశ్యం జూలై నుంచి అక్టోబర్ వరకే సాధ్యం. అప్పుడు కూడా ఏ రోజు, ఏ రేవులో దాటుతాయో ఎవరూ చెప్పలేరు. దిగబోయి బెదిరి వెనక్కి తిరిగే మందలూ ఉంటాయి.

మన సెలవులను ఈ చక్రంతో సరిచూసుకుంటే ప్రయాణం ఎటు పెట్టుకోవాలో చాలావరకు తేలిపోతుంది. దసరా సెలవుల్లో వెళ్లగలిగితే మారా నది ఒడ్డు సరైన చోటు. సంక్రాంతికి వెళ్లేవారు కెన్యా ఊసెత్తకుండా దక్షిణ సెరెంగెటికి వెళ్లాలి. దూడల పుట్టుక ఊపందుకోవడానికి అప్పటికి కొంచెం వ్యవధి ఉన్నా, మందలు మాత్రం ఆ మైదానాల్లోనే ఉంటాయి. మేలో తప్ప కుదరదనే వారు మధ్య, పశ్చిమ సెరెంగెటిని ఎంచుకోవడం మేలు. దారులు బురదగా ఉంటాయి, కొన్ని విడిదులు మూసేస్తారు, అయితే తెరిచి ఉన్న వాటిలో అద్దెలు తక్కువ, వాహనాల రద్దీ అంతకన్నా తక్కువ.

పటం మీద రెండు వనాలూ పక్కపక్కనే ఉన్నాయి కదా, ఒకే విడతలో రెండూ చూసేద్దామనుకోవడం మరొక పొరపాటు. వాటి మధ్య సరిహద్దును పర్యాటక వాహనాలకు 1977లో మూసివేశారు. జంతువులు దాటే గీతను మనం దాటాలంటే పశ్చిమాన సరిహద్దు పట్టణమైన ఇసెబానియా దాకా చుట్టు తిరిగి, రెండు దేశాల తనిఖీలూ ముగించుకుని, సాధారణంగా అవతల వాహనం మార్చుకోవాలి. ఒక పగలు దీనికే పోతుంది. ఆరు రోజుల ప్రయాణంలో రెండు దేశాలూ చూపిస్తామనే వారిని ఈ సరిహద్దు సంగతి అడిగి చూడండి.

ఖర్చు లెక్కలో ప్రవేశ రుసుమును చిన్నదిగా చూడకూడదు. మసాయి మారాలో విదేశీ పర్యాటకులకు, 2024లో సవరించిన ధరల ప్రకారం, జనవరి నుంచి జూన్ వరకు తలకు రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబర్ వరకు 200 డాలర్లు. అంటే దసరాకు నలుగురు పెద్దలు మూడు రోజులు తిరిగితే ప్రవేశానికే 2,400 డాలర్లు అవుతాయి. ఇది ప్యాకేజీలో కలిసి ఉందో లేదో బయానా ఇవ్వకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

కెన్యాకు వీసా అవసరం లేదు గాని, 2024 జనవరి నుంచి ప్రయాణ అనుమతిని ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. కెన్యా నుంచి తిరిగివచ్చేవారి దగ్గర ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసిన పదిరోజుల తరువాతే ఆ పత్రం చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితాంతం పనికివస్తోంది. గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే దీన్ని వేస్తారు, హైదరాబాద్‌లోనైతే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అరవై దాటినవారికి ఈ టీకాతో అరుదుగా తీవ్రమైన ఇబ్బందులు రావచ్చు కనుక, నావంటివారు ముందు వైద్యుని సంప్రదించాలి. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగడం మంచిది, ఎందుకంటే అక్కడి మలేరియాకు పాత మందు క్లోరోక్విన్ పనిచేయదు.

సామాను సర్దేటప్పుడు మన ఇళ్లలో పచ్చళ్లు, పొడులు ముందుగా ప్లాస్టిక్ కవర్లలోకి ఎక్కుతాయి. కెన్యా 2017లో, టాంజానియా 2019లో ప్లాస్టిక్ సంచులను నిషేధించాయి కాబట్టి వాటిని డబ్బాల్లో పెట్టుకోండి. నిజానికి ఎన్నో తరాలుగా గుజరాతీలు స్థిరపడిన నైరోబీలో శాకాహారానికి కరువు లేదు. స్వాహిలీలో కూడా చపాతీని చపాతీ అనే అంటారు. చిన్న విమానంలో మారాకు వెళ్లేవారికి సాధారణంగా పదిహేను కిలోల మెత్తటి సంచి తప్ప చక్రాల పెట్టెను అనుమతించరు. ముదురు నీలం, నలుపు బట్టలకు అక్కడి కుట్టే సెట్‌సీ ఈగలు ఆకర్షితమవుతాయి కనుక ఖాకీ, లేత గోధుమ రంగులు మేలు. మన తరం కుట్టించుకున్న సఫారీ సూట్లు చివరికి ఇలా అక్కరకొచ్చాయి.

మరొక్క మాట. మా వాహన చోదకుడు దారి విడిచి గడ్డిలోకి వెళ్లడానికి నిరాకరించినప్పుడు, చీతాకు దగ్గరగా పోనిమ్మని మాలో ఒకరు డబ్బు ఆశ చూపారు. అక్కడ దారి విడిచి నడిపినందుకు జరిమానా పడేది అతనికి, వేట తప్పి పస్తుండేది చీతా. ఆయన చిరునవ్వుతో డబ్బు తిరిగి ఇచ్చేశారు.

మీ పత్రికలో సఫారీ ప్రకటనలు వేసే సంస్థలను నది దాటే మందల బొమ్మ కింద ఆ దృశ్యం కనబడే నెలల పేర్లు కూడా అచ్చు వేయమని కోరవలసిందిగా నా విన్నపం. అందుకు ఒక్క పంక్తి చోటు చాలు.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ